బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు స్పెల్లింగ్ తప్పుంటే ఐ-130 వేయొచ్చా?

మీ బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మగారి పేరు ఒకలా, ఆమె పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది, ఐ-130 (దగ్గరి బంధువుల గ్రీన్‌కార్డు కోసం అమెరికాలో ఉన్నవాళ్ళు వేసే పిటిషన్) వేసే ముందే కరెక్షన్ చేయించాలా అని అడిగారు. నేను లాయర్ని కాదు, కానీ అచ్చంగా ఇదే తంటా పడ్డా కాబట్టి చెప్తా.

మాది కందుకూరు పక్కన పల్లె. అమ్మ పేరు పెంచలమ్మ. మన నెల్లూరు వైపు వీధికొకరు పెంచలమ్మ, పెంచలయ్య ఉంటారు, ఇంగ్లీషులో మాత్రం ఏ ఇద్దరూ ఒకేలా రాయరు. నా సర్టిఫికెట్‌లో ‘చ’ దగ్గర హెచ్ ఎగిరిపోయింది, అమెరికా వాడు చదివితే పెంకలమ్మ. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఇందులో ఒక్క అక్షరమే. ఆ, ఎవరు చూస్తార్లే అని అట్టాగే వేసేశా. అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ళు చూశారు, ఆర్ఎఫ్ఈ (ఇంకా ప్రూఫులు పంపమనే నోటీసు) వచ్చింది.

ఊళ్ళో ఒకాయన ‘ఫ్రెష్‌గా కొత్త సర్టిఫికెట్ పుట్టిస్తా’ అన్నాడు. ఆ పని మాత్రం చేయబాకండి. నలభై ఏళ్ళ మనిషికి పోయిన నెల రిజిస్టరైన సర్టిఫికెట్ కనపడితే వాళ్ళకి అనుమానం తగ్గదు, పెరుగుతుంది, ఇంకా ప్రూఫులు తెమ్మంటారు.

నాకు దారి దొరికింది పాత రిజిస్టర్లో. నేను పుట్టింది 1983లో, అప్పట్లో అంతా తెలుగులో చేత్తో రాసేవాళ్ళు కదా, అందులో అమ్మ పేరు శుభ్రంగా పెంచలమ్మ అనే ఉంది, తప్పంతా తర్వాత ఇంగ్లీషులో టైపు కొట్టినప్పుడు జరిగింది. ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగి (ఏ ఆఫీసో అడగబాకండి) ఆ పేజీ సర్టిఫైడ్ కాపీ మా బావ తీసుకొచ్చాడు. దానికి ఇంగ్లీషు ట్రాన్స్‌లేషన్ పెట్టాలి, చేసినాయన ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తిగా, సరిగ్గా ఉంది’ అని రాసి సంతకం పెట్టాలి.

తర్వాత అఫిడవిట్లు. రూలు ప్రకారం పిటిషన్‌లో లేనివాళ్ళు ఇద్దరు, విషయం స్వయంగా తెలిసినవాళ్ళు ఇవ్వాలి. నేనేమో తెలివిగా మా చిన్నాన్న కొడుకు చేత రాయించా, వాడు నాకంటే రెండేళ్ళు చిన్న! నా పుట్టుక వాడెట్టా చూశాడంట? పంపేముందు ఫ్రెండు పట్టుకున్నాడు కాబట్టి బతికిపోయా, ఎందుకంటే ఆర్ఎఫ్ఈకి అన్నీ కలిపి ఒక్కసారే పంపాలి, గడువు మహా అయితే 12 వారాలు, పొడిగించరు. చివరికి మా పెద్దమ్మ, పక్కింటి ముసలాయన ఇచ్చారు. వాళ్ళ పేరు, అడ్రసు, పుట్టిన తేదీ, ఊరు, మాకేమవుతారు, నేను పుట్టినప్పుడు వాళ్ళు యాడున్నారు, ఈ రెండు స్పెల్లింగులూ ఒకే మనిషివని ఎట్టా తెలుసు, ఇదంతా అందులో ఉండాలి. ‘నాకు తెలుసు’ అని రెండు లైన్లు కొట్టించి నోటరీ స్టాంపు వేయిస్తే చాలదు.

వీటితోపాటు మా పాత రేషన్ కార్డు, నా ఇండియన్ పాస్‌పోర్టు చివరి పేజీ కూడా పెట్టా. నా టెన్త్ మెమోలో నాన్న పేరొక్కటే ఉంది, అమ్మకి పనికిరాలేదు. మీరింకా వేయలేదు కాబట్టి ఇంకో మాట, ఐ-130లో వేరే పేర్లేమన్నా వాడారా అని అడిగే చోట ఆ తప్పు స్పెల్లింగు కూడా రాసేయండి. నేను ఖాళీగా వదిలేశా.

మీది అక్షరం తేడా అయితే కరెక్షన్ కోసం నెలలు ఆగక్కర్లేదని నా అభిప్రాయం. పేరే వేరే ఉంటే, అంటే సుబ్బమ్మ బదులు రమణమ్మ అని ఉంటే, ముందు సరిచేయించుకోండి. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ పాత ఎంట్రీని కొట్టేయడు, పక్కన మార్జిన్‌లో సరైనది రాసి తేదీతో సంతకం పెడతాడు.

మీది కూడా కందుకూరు సైడైతే జిల్లా గొడవ ఒకటుంది. అమ్మ పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా, నేను పుట్టేసరికి ప్రకాశం, 2022లో మళ్ళా నెల్లూరు. మేం కదల్లేదు, జిల్లాలే కదిలాయి. ఇది కూడా కవర్ లెటర్లో రెండు లైన్లు రాశా.

తర్వాత అప్రూవ్ అయింది. ముంబైలో వీసా ఇంటర్వ్యూకి అమ్మ ఆ ఒరిజినల్సన్నీ సంచిలో మోసుకుపోయింది, స్పెల్లింగు ఊసే ఎత్తలేదంట, పిలకాయలెంతమంది అని మాత్రం అడిగారంట.