పండు ఈగ ఏ రకమో రెక్క అంచు చెబుతుంది

ప్రశ్న: మా మామిడి తోటలో మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టాము. వాటిలో పడిన ఈగలు కొన్ని నల్లగా, కొన్ని ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. ఇవి వేర్వేరు జాతులా, లేక ఒకే ఈగ ముదిరే కొద్దీ నల్లబడుతుందా?
– ఒక రైతు, నూజివీడు

జవాబు: ప్యూపా నుంచి అప్పుడే వెలువడిన ఈగ పాలిపోయి ఉండి, అసలు రంగు తేలడానికి కొన్ని రోజులు పడుతుందన్న మాట నిజమే. అయితే మిథైల్ యూజినాల్ వాసనకు వచ్చేవి ప్రధానంగా ఎదిగిన మగ ఈగలు కాబట్టి మీరు చూసిన తేడాకు వయసు కారణం కాకపోవచ్చు. అలాగని రంగును చూసి జాతిని తేల్చడమూ పొరపాటే. మామిడిని ఎక్కువగా పాడుచేసే బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్‌లోనే వీపు నలుపు నుంచి ఎర్ర గోధుమ దాకా రకరకాలుగా ఉంటుంది. చాలామంది నమ్ముకునే గుర్తు, అంటే పొట్ట మీద ఇంగ్లీషు 'టి' అక్షరంలా కనిపించే నల్ల గీత, దీని దగ్గరి బంధువుల్లోనూ ఉంటుంది.

నేనైతే ముందు రెక్కను చూస్తాను. ఈగను తెల్ల కాగితం మీద పెట్టి, సూది మొనతో రెక్కను మెల్లగా పక్కకు విప్పి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో దాని ముందు అంచును పరిశీలించండి. సన్నని ముదురు గీత తెగకుండా రెక్క కొన దాకా సాగితే డోర్సాలిస్ అనుకోవచ్చు. గీత మధ్యలో తెగి, కొన దగ్గర విడిగా ఒక మచ్చ మాత్రమే మిగిలితే అది జొనాటా, కరెక్టా అనే మరో రెండు పండు ఈగ జాతుల్లో ఒకటి అయి ఉంటుంది. రంగు పనికొచ్చేది ఇక్కడే: జొనాటా వీపు ఎర్ర గోధుమ, కరెక్టా వీపు చాలావరకు నలుపు. ఇంకా సందేహముంటే ఈగను ముఖం వైపు తిప్పండి. జొనాటా ముఖాన రెండు గుండ్రటి నల్ల చుక్కలుంటాయి, కరెక్టాకు అవే అడ్డంగా సాగి దాదాపు కలిసిపోయినట్లు కనిపిస్తాయి.

సొర, కాకర కాయలను తొలిచే ఈగకు వీపు మీద మూడు పసుపు చారలు, రెక్కల మీద గోధుమ మరకలు ఉంటాయి. అది ఈ ఎరకు రాదు, క్యూలూర్ అనే మరో ఎరకు వస్తుంది.

బుట్టలోని మందులో నానిన ఈగల పసుపు చారలు వెలిసిపోతాయి కనుక ఏ రోజువి ఆ రోజే ఏరి ఆరబెట్టుకోండి. మొనదేలిన తోకతో పండును పొడిచి గుడ్లు పెట్టే ఆడ ఈగను చూడాలంటే బుట్టను నమ్ముకుని లాభం లేదు. పురుగు పట్టిన కాయలను ఇసుక పోసిన బకెట్‌లో ఉంచి, గుడ్డ కట్టి, బయటికొచ్చిన ఈగలకు మూడు నాలుగు రోజులు పంచదార నీళ్లు పెట్టి, రంగు తేరాక పరిశీలించండి.