నడుము నొప్పికి వీఏ కాదంది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మా ఆయన అమెరికా ఆర్మీలో ఆరేళ్లు ట్రక్కుల మెకానిక్‌గా చేసి 2020లో బయటికొచ్చారు. మా పెళ్లి ఆయన సర్వీసులో ఉండగానే అయింది. చెవుల్లో రొదకీ, నడుము నొప్పికీ కలిపి వీఏకి, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ శాఖకి, డిసేబిలిటీ క్లెయిమ్ వేశాం. చెవులకి 10 శాతం ఇచ్చారు, నడుముకి కాదన్నారు. సర్వీసులో ఉండగా నడుముకి చికిత్స చేయించుకున్నట్టు రికార్డు లేదట, ఇప్పుడున్న డిస్క్ సమస్యకీ ఆర్మీ పనికీ సంబంధం తేలలేదట. లెటర్ వచ్చి ఏడు నెలలైంది. ఈయనేమో "కాళ్లూ చేతులూ పోయినవాళ్లున్నారు, నాదెంత, వదిలెయ్" అంటారు. మా మరిది మళ్లీ కొత్తగా క్లెయిమ్ వేసెయ్యమంటాడు. ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేసి మేం గెలిపిస్తాం, పెరిగిన డబ్బులో కొన్ని నెలలది మాకిచ్చేయండి అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు ఆ లెటర్ తీసి దాని మీద అచ్చయిన తేదీ చూడండి. మీ చేతికి అందిన రోజు కాదు, కాగితం మీద ఉన్న తేదీ. దానికి ఏడాది లోపు తిరిగి అడిగితే, రేపు ఒప్పుకున్నప్పుడు మామూలుగా డబ్బు మొదటి క్లెయిమ్ తేదీ నుంచి లెక్కకొస్తుంది. ఏడాది దాటాక కూడా అడగొచ్చు గానీ అప్పుడు లెక్క కొత్తగా అడిగిన రోజు నుంచే మొదలవుతుంది, మధ్యలో నెలలన్నీ పోయినట్టే. మీకింకా ఐదు నెలలున్నాయి కాబట్టి ఆ టెన్షన్ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఇప్పుడు అదే లెటర్‌లో "ఫేవరబుల్ ఫైండింగ్స్" అని ఒక భాగం ఉంటుంది. చాలామంది "డినైడ్" అన్న మాట కనపడగానే మడిచి సొరుగులో పడేస్తారు, ఈ భాగం చదవనే చదవరు. మీవారి విషయంలో వాళ్లు ఒప్పుకున్నవి ఏమేమిటో అందులో రాసి ఉంటాయి. డిస్క్ సమస్య ఉందని అక్కడ రాసి ఉంటే, స్పష్టమైన తప్పు బయటపడితే తప్ప ఆ మాట నుంచి తర్వాత చూసేవాళ్లు వెనక్కి పోలేరు. సర్వీస్ కనెక్షన్‌కి, అంటే జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని వీఏ ఒప్పుకోవడానికి, కావలసినవి మూడు: ఇప్పుడు జబ్బు ఉండాలి, సర్వీసులో దానికి కారణమైనది ఏదో జరిగి ఉండాలి, ఆ రెంటినీ కలిపే వైద్యుడి మాట ఉండాలి. ఆ చివరిదాన్నే నెక్సస్ అంటారు. మీరు రాసినదాన్ని బట్టి మొదటిది ఉంది, తక్కిన రెండే కావాలి. కాబట్టి మీరు కోపంగా పది పేజీలు రాసి పంపక్కర్లేదు, ఆ రెండు ఖాళీలు పూడిస్తే చాలు.

మీ మరిది మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు గానీ, ఒకసారి కాదన్న జబ్బుకే మళ్లీ మొదటి ఫారం నింపడం దండగ. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో దారులు మూడు. కొత్త ఆధారం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995. ఆధారాలు అవే, చూసినవాళ్లే సరిగా చూడలేదు అనుకుంటే హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫారం 20-0996. అందులో కొత్త కాగితం ఒక్కటి కూడా తీసుకోరు, కావాలంటే ఫోన్‌లో ఒకసారి మాట్లాడి తప్పు ఎక్కడుందో చెప్పుకోవచ్చు. మూడోది వీఏ అప్పీళ్ల బోర్డు, ఫారం 10182. అక్కడ జడ్జి చూస్తారు, కానీ చాలాకాలం పడుతుంది. మీ ఫైల్లో లోపం ఆధారాలు లేకపోవడమే కాబట్టి నేనైతే ఇంకో ఆలోచన లేకుండా మొదటి దారిలోనే వెళ్తాను. అక్కడా కాదంటే మళ్లీ ఏడాది గడువుంటుంది, ఇంకో దారి పట్టొచ్చు, పాత తేదీ ఎక్కడికీ పోదు.

ఆధారం ఎక్కడి నుంచి తేవాలి అంటారా? మీ ఇంట్లోనే ఉంది. మీరే.

ఆయన సిక్ కాల్‌కి, అంటే ఆర్మీ డాక్టర్ల దగ్గర చూపించుకోవడానికి, వెళ్లలేదు, సరే. మెకానిక్‌ల యూనిట్లో నడుము నొప్పని వెళితే తోటివాళ్లు ఎలా చూస్తారో నాకు తెలుసు, నేనూ ఆ యూనిఫాం వేసుకున్నవాణ్ణే. కానీ ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పుకోలేక మిమ్మల్ని పిలిచిన రోజులుంటాయి కదా, మంచం మీద కాక నేల మీద పడుకున్న రాత్రులుంటాయి కదా. అవి రాయండి. ఫారం 21-10210 సరిగ్గా ఇందుకే ఉంది. "చాలా బాధపడేవారు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ ఏడాది, ఏ బేస్ దగ్గర, ఏం బరువెత్తి వచ్చాక, ఎన్ని రోజులు, అప్పుడు మీరేం చూశారు, ఇవి ఉండాలి. డిస్క్ జారిందని మాత్రం మీరు తీర్మానించకండి, అది డాక్టర్ పని. కంటితో చూసింది చెప్పడానికి మీకు పూర్తి అర్హత ఉంది. అప్పటి వైద్య రికార్డు లేదన్న ఒక్క కారణంతో ఇలాంటి సాక్ష్యాన్ని తోసెయ్యకూడదని బుకానన్ కేసులో 2006లోనే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. ఆయనతో కలిసి పనిచేసిన ఒకరిద్దరి చేత కూడా ఇదే ఫారం విడివిడిగా రాయించండి. ఒకరిది చూసి ఇంకొకరు రాసినట్టు మాత్రం ఉండకూడదు, చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఆర్మీ వదిలేటప్పుడు జరిగే పరీక్షలో "నడుము నొప్పి ఉందా" అన్నచోట ఆయన లేదని టిక్ పెట్టి ఉంటే దాచొద్దు. తొందరగా ఇంటికి పంపిస్తారని పెట్టానో, ఎందుకు పెట్టానో ఆయన స్టేట్‌మెంట్‌లో ఆయనే చెప్పాలి.

ఇక నెక్సస్. ఆయన్ని చూస్తున్న డాక్టర్‌కి సర్వీస్ రికార్డులు, ఎమ్మారై, మీ స్టేట్‌మెంట్ చూపించి అభిప్రాయం అడగండి. అందులో "యట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్" అన్న మాట ఉండాలి, అంటే సర్వీసు వల్ల వచ్చి ఉండేందుకు కనీసం సగానికి సగం అవకాశం ఉందని. "కావొచ్చు", "వచ్చినా రావచ్చు" అంటే చెల్లదు. ఎందుకలా అనుకుంటున్నారో కారణం కూడా రాయమనండి, కారణం లేని ఒక్క లైను ఉత్తరానికి బరువుండదు. రెండు వైపులా సాక్ష్యం సరిసమానంగా తూగితే అనుమానం సైనికుడికే అనుకూలంగా తీర్చాలన్నది చట్టంలోనే ఉన్న మాట. మీరు వందశాతం రుజువు చేయనక్కర్లేదు.

వీఏ మళ్లీ పరీక్షకి పిలవొచ్చు. తప్పకుండా వెళ్లాలి. ఎలా ఉన్నారని అడగ్గానే "బాగున్నానండీ" అనడం మనవాళ్లకి పుట్టుకతో వచ్చింది, అది ఆ గదిలో పనికిరాదు. నొప్పి ముదిరిన రోజు ఎలా ఉంటుందో, ఎంత వంగితే మొదలవుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ఆ కంపెనీకి మాత్రం ఏ సంతకమూ చేయకండి. ఇలాంటి పని చేయడానికి వీఏ గుర్తింపు ఉండాలి, వాళ్ల పేరు ఆ జాబితాలో ఉందో లేదో వీఏ వెబ్‌సైట్లోనే వెతికి చూడొచ్చు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు పైసా తీసుకోకుండా చేసిపెడతారు, టెక్సస్‌లో కౌంటీ వెటరన్ సర్వీస్ ఆఫీసర్లు కూడా ఉంటారు. గుర్తింపున్న లాయర్లు మొదటి నిర్ణయం వచ్చాక ఫీజు తీసుకోవచ్చు. గెలిచాక వచ్చే పాత బకాయిలో 20 శాతం దాకా అయితే న్యాయమైనదిగానే చూస్తారు. మీ కేసుకి ఇప్పుడే లాయర్ అక్కర్లేదనుకుంటాను, బోర్డు దాకా వెళ్తే అప్పుడు ఆలోచిద్దాం.

మీ ఆయన అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. కాళ్లు పోయినవాళ్ల వాటాలోంచి తీసి ఈయనకి ఇవ్వరమ్మా, ఇది పంచుకునే కుండ కాదు. ఈ మాట నేను చెబితే వింటారేమో, ఈ పేజీ ఆయనకి చూపించండి. ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ముందు మీ స్టేట్‌మెంట్ రాయండి. డాక్టర్ ఉత్తరం ఆలస్యమైతే దానికోసం గడువు దాటనివ్వకండి. సప్లిమెంటల్ ఫారం, చేతిలో ఉన్న స్టేట్‌మెంట్లు ముందు పంపేసి, వాళ్లు నిర్ణయం తీసుకునేలోపు ఉత్తరం జత చేయండి. ఆన్‌లైన్‌లో పంపితే చివర్లో వచ్చే కన్ఫర్మేషన్ పేజీని తప్పకుండా దాచుకోండి.