బడి తోటకు చుట్టుపక్కల వాళ్లు కూడటం ఎందుకు? టీచర్లు, పిల్లలు చాలరా?

చాలరు, ఎందుకంటే బడి క్యాలెండరు, మొక్కల క్యాలెండరు ఒకటి కావు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు. సరిగ్గా అప్పుడే విశాఖలో ఎండలు మండిపోతుంటాయి. ఇక్కడి ఎర్రమట్టి నీళ్లను ఎక్కువసేపు పట్టి ఉంచదు. వారం రోజులు నీళ్లు పోయకపోతే కూరపాదులు చచ్చిపోతాయి. అందుకే సెలవులకు ముందు ఓ ఆదివారం అమ్మానాన్నలు, వీధివాళ్లు కూడి మొక్కల మొదళ్లలో ఎండుటాకులు పరిచి, ఎవరు ఏ రోజు నీళ్లు పోయాలో పంచుకుంటే తోట బతుకుతుంది.

ఆ కూడికలో నీళ్ల వంతుల కన్నా విలువైన పని ఇంకోటి జరుగుతుంది: తెలిసినవాళ్లు పిల్లలకు నేర్పుతారు. ఉదాహరణకు, మధురవాడలో ఓ బడి జూన్ ఆఖర్లో బెండ విత్తిందనుకోండి. ఆగస్టు మధ్యకు కాయ కోతకొస్తుంది. ఈలోగా పిల్లలు వారం వారం మొక్క ఎత్తు కొలిచి గ్రాఫు గీస్తే అది లెక్కల పాఠం. ఆకు వెనక పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) చూసి, దాన్ని పోగొట్టే వేపగింజల కషాయం ఎలా తయారుచేయాలో పల్లెలో సాగు చేసొచ్చిన ఓ మామ్మ చూపిస్తే అది సైన్సు పాఠం. పుస్తకంతో ఇంత బాగా రాదు.

చాలామంది పొరపాటు పడేదేమిటంటే, మధ్యాహ్న భోజనానికి సరిపడా కూరలు పండకపోతే తోట దండగని. అసలు పని చదువు, కాయలు ఆ తర్వాత. స్థలం లేదనీ ఆగక్కర్లేదు: 2019లో కేంద్రం ఇచ్చిన బడి పోషణ తోటల మార్గదర్శకాలు మేడ మీద, కుండీల్లో పెంచినా సరేనన్నాయి.