కోడలి దేవుడూ మా దేవుడూ ఒక్కరేనా?

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు. కొడుకు ప్రేమించి చేసుకున్న హిందూ అమ్మాయి శుక్రవారం సాయంత్రం వంటింటి గూట్లో దీపం పెడుతోందట. ఈవిడ దాన్ని ఆర్పేసి, ఇత్తడి ప్రమిదను అటక మీద పడేశారు. మూడు రోజులుగా కోడలు పలకడం లేదు. "అవి దయ్యాలకు చేసే పూజలంటారు మా పాస్టరుగారు. గోదారి పాయలన్నీ సముద్రంలోనే కలుస్తాయమ్మా అంటాడు మావాడు. ఎవరి మాట నమ్మను?" అని అడిగారు.

అమ్మా, మీ అబ్బాయి మాట వినడానికి హాయిగానే ఉంటుంది. బైబిలు మాత్రం అలా చెప్పదు. దేవుడే క్రీస్తులో మనిషి దగ్గరికి దిగి వచ్చాడని మన విశ్వాసం. దాన్ని వదులుకుని సర్దుకుపొమ్మని నేను చెప్పను.

పాస్టరుగారి మాటకు బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో ఆధారం ఉంది. అదే అధ్యాయం ఇంకాస్త కిందికి చదవండి. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లి, పెట్టింది తినమంటాడు ఆ పత్రిక రాసిన పౌలు. ఇది బలి అర్పించిందని ఎవరైనా చెబితే అప్పుడు మానుకోమంటాడు, అదీ ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. ఏథెన్సులో ఊరినిండా విగ్రహాలు చూసి ఆయన లోలోపల మండిపోయాడు. అయినా ఒక్క బలిపీఠం మీదా చెయ్యి వెయ్యలేదు. 'తెలియబడని దేవునికి' అని రాసి ఉన్న పీఠాన్ని చూపించి, మీరు తెలియక పూజిస్తున్న ఆయన సంగతే చెబుతున్నానన్నాడు. వాళ్లు తడుముకుంటున్నది ఆయన కోసమే, ఇంకా ఎరగలేదంతే. నేను నమ్మేదీ ఇదే. మనం ప్రార్థనలో పిలిచే 'దేవుడు' అన్న మాట మాత్రం ఎక్కడిది? తెలుగులోకి బైబిలు రాకముందే మీ కోడలి పూర్వీకుల నోట, మీ పూర్వీకుల నోట ఉన్న మాటే కదా.

క్రైస్తవులందరూ ఇక్కడ ఒక్కమాట మీద లేరు. 1965లో కాథలిక్కు సంఘపు రెండో వాటికన్ మహాసభ హిందూమతాన్ని పేరుపెట్టి ప్రస్తావించింది. ఇతర మతాల్లో సత్యమూ పవిత్రమూ అయినదాన్ని దేన్నీ తోసిపుచ్చమంది, క్రీస్తే మార్గమని చాటడం మానమనీ అంది. కార్ల్ బార్త్ అనే స్విస్ వేదాంతి అయితే మతమంటేనే అవిశ్వాసమన్నాడు, క్రైస్తవ మతాన్నీ కలుపుకునే. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ముందు నా భక్తినే పరీక్షించుకుంటాను.

ఇక మీ ఇంటి సంగతి. అవిశ్వాసి అయిన భార్య కాపురానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని అదే పత్రిక ఏడో అధ్యాయం. ఇష్టపడే వచ్చింది ఆ పిల్ల, పుట్టింటి నుంచి ప్రమిద ఒక్కటీ తెచ్చుకుని. మీరు దీపం వెలిగించనక్కర్లేదు, ప్రసాదం తినడానికి మనసొప్పకపోతే తినొద్దు. "నాకు వద్దమ్మా, ఏమీ అనుకోకు" అంటే సరిపోతుంది. యేసు గురించి చెప్పాలనుంటే చెప్పండి, ఆమె అడిగినప్పుడు, మెల్లగా. కానీ ఆర్పింది మాత్రం తప్పే. పెద్దదాన్నని చూసుకోకుండా ఆ మాట ఆమెతో అనండి. వచ్చే శుక్రవారం దాకా ఆగొద్దు. ఈ సాయంత్రమే అటక మీంచి ఆ ప్రమిద దించి, చింతపండుతో తోమి, మీ చేత్తో ఆమె చేతికివ్వండి.