జార్జియా వెళ్తున్న మేనకోడలికి, పచ్చడి సీసాల గురించి

అమ్మాయీ,

దసరా సెలవులకి మీరు జార్జియా వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ అత్తగారు కూడా వస్తున్నారట, ఆవిడ నీచు ముట్టరు కాబట్టి అక్కడ ఏం తింటారోనని నీకు టెన్షన్ పట్టుకుందట, అందుకని నాలుగు రకాల పచ్చళ్లు, పొడులు, ఐదు కిలోల బియ్యం, ఆఖరికి కుక్కరు కూడా సర్దుతున్నావట. ముందు ఆ కుక్కరు తీసెయ్. మిగతావి ఇది చదివాక నువ్వే తీస్తావు.

మా చిన్నది జార్జియా రాజధాని టిబిలిసిలో మెడిసిన్ చదివిన రోజుల్లో నేనూ మీ అత్తయ్యా రెండుసార్లు వెళ్లొచ్చాం కదా. మొదటిసారి పది రోజులున్నాం కానీ, నిజం చెప్పాలంటే ఆ పది రోజులూ గుంటూరులో ఉన్నట్టే. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ, రాత్రి అన్నంలో గోంగూర, అన్నీ గదిలోనే. ఒక్క రాత్రి బయట తిన్నాం, అదీ ప్యాకేజీ వాళ్లు బస్సులో తీసుకెళ్లిన 'సంప్రదాయ విందు'. మైకు, డ్యాన్సులు, హాలు నిండా మాలాంటి టూరిస్టులు, చల్లారిపోయిన రొట్టె. తిరిగొచ్చి బ్రాడీపేటలో కనబడినవాడికల్లా "అక్కడ తిండి ఏం బాగోదండీ" అని చెప్పాను. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కాయ విరిచి చూడకుండా ధర చెప్పనివాణ్ణి, ఒక దేశం తిండికి మాత్రం తినకుండానే ధర కట్టేశాను.

రెండోసారి మా చిన్నది పోరుపెట్టి కఖేతి తీసుకెళ్లింది. టిబిలిసికి తూర్పున ద్రాక్షతోటల ప్రాంతం అది. మీరు వెళ్లేదీ కోతల కాలానికే, ర్త్వేలి అంటారు, ఊరూరా అదే సందడి కాబట్టి రాజధానిలో రోజులు తగ్గించుకుని అక్కడ నాలుగు రోజులైనా ఉండండి. సిగ్నాగి అని కొండమీద ఊరు, టిబిలిసి నుంచి మార్ష్‌రుట్కా అనే వ్యాన్లు తిరుగుతాయి, మన షేర్ ఆటోకి పెద్దన్న అనుకో. అక్కడ హోటల్ తీసుకోవద్దు. ఇళ్లలోనే గదులు అద్దెకిస్తారు. భోజనం సంగతి ముందురోజే చెప్పి, మనిషికి ఎన్ని లారీలో అప్పుడే అడిగేయ్, వాళ్లేం అనుకోరు. (లారీ అంటే వాళ్ల రూపాయి, మీ మామగారికి ముందే చెప్పు, నేను మొదటిరోజు చాలా కంగారుపడ్డాను.) అలా కాకుండా పక్కింటివాళ్లో, తోటలో పరిచయమైనవాళ్లో భోజనానికి రమ్మంటే మాత్రం డబ్బు మాట ఎత్తకు. బందరు లడ్డూ డబ్బా ఒకటి పట్టుకెళ్లు. పూలు కొంటే బేసి సంఖ్యలో కొను, సరిసంఖ్య పూలు చావు ఇళ్లకి తీసుకెళ్లేవి.

ఇప్పుడు అసలు మాట. భోజనం టైముకి వెళ్లి బల్ల దగ్గర కూర్చోవద్దు, రెండు గంటలు ముందెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడు. భాష రాకపోతే సైగ చెయ్. మేం దిగిన ఇంట్లో పెరట్లో తోనే అని మట్టిపొయ్యి ఉంది, మన పాత బావి ఒర ఉన్నట్టు గుండ్రంగా, లోపల అడుగున నిప్పులు. ఆ ఇంటి పెద్దావిడకి నా వయసే ఉంటుంది, పిండిముద్దని రెండు చేతులతో సాగదీసి, నడుం దాకా ఆ పొయ్యిలోకి వంగి గోడకి చరిచి చటుక్కున లేచేది. ఆవిడ వంగినప్పుడల్లా మీ అత్తయ్య "అమ్మో అమ్మో" అనేది. పొడుగ్గా, రెండు కొసలూ మొనదేలి, పడవలా వచ్చింది రొట్టె, దాన్ని కత్తితో కొయ్యకుండా చేత్తో విరిచి మాకు పెట్టింది. ప్యాకేజీ విందులో నేను తిన్నదీ ఇదే రొట్టెట.

తర్వాత వంకాయలు. నిలువుగా పల్చటి ముక్కలు కోసి నూనెలో వేయించి, అక్రోట్ ముద్ద రాసి చాపలా చుట్టి, పైన దానిమ్మ గింజలు చల్లుతారు, బద్రిజాని అంటారు. ఆ అక్రోట్‌ని మరలో వేసి తిప్పి, గుప్పిట్లో పిండితే వేళ్ల సందుల్లోంచి నూనె కారాలి, అప్పుడుగానీ వెల్లుల్లి, కొత్తిమీర కలపదు. చివర్లో ఏదో పొడి వేసింది. వాసన చూస్తే మెంతులు! మన మెంతికి దాయాదే, నీలిపూల మెంతి, ఉత్స్ఖో సునేలి అంటారు, పరాయి దినుసు అని అర్థమట.

అప్పుడు మీ అత్తయ్య ఊరుకోలేక గదిలోకెళ్లి మన కారం పొట్లం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ వాసన చూసి, గట్టిగా రెండు తుమ్ములు తుమ్మి, పడీపడీ నవ్వి, లోపలినుంచి ఒక సీసా తెచ్చింది. అడ్జికా. వాళ్ల కోడలిది పడమటి వైపు సమెగ్రెలో, పుట్టింటినుంచి పంపించారట. మిరపపండ్లు, వెల్లుల్లి, ధనియాలు, అదే మెంతి, రాళ్ల ఉప్పు, అన్నీ కలిపి నూరింది. చింతపండు వెయ్యని కొరివికారం, అంతే. అంతవరకూ సైగలతో సరిపెట్టుకున్న ఆడవాళ్లిద్దరూ ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నారు, ఏ భాషలోనో నాకిప్పటికీ తెలీదు. అందుకే పచ్చళ్లు పూర్తిగా మానెయ్యమనడం లేదు. ఒక చిన్న సీసా చెకిన్ పెట్టెలో పెట్టుకో, కానీ వాళ్ల బల్ల మీద వాళ్లు వండినదానిలో కలుపుకోవడానికి కాదు, వాళ్ల చేతికివ్వడానికి. నేను మొదటి పూట లోబియోలో, అంటే మట్టికుండలో వండిన రాజ్మాలో, ఆవకాయ కలుపుకుని తిన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, నా ముందునుంచి ఉప్పు డబ్బా తీసి పక్కన పెట్టింది. ఆ చూపు నాకింకా గుర్తే.

మీ అత్తగారి కోసం ఒక్క మాట నేర్చుకో: సమర్ఖ్వో. ఉపవాసపు వంట అని. వాళ్ల చర్చి లెక్కన బుధ, శుక్రవారాలు, ఈస్టర్ ముందు, జనవరి 7న వచ్చే వాళ్ల క్రిస్మస్ ముందు వారాలకొద్దీ ఉపవాసం, అంటే మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కాబట్టి శాకాహారం అనే మాట కొత్తగా అనిపించే పల్లెటూళ్లో కూడా ఈ మాట చెబితే వంటావిడకి ఏం వండాలో ఇట్టే తెలుస్తుంది. లోబియో, మొక్కజొన్న రొట్టె, పాలకూర అక్రోట్ ముద్ద, పుట్టగొడుగులు. లోబియోలో పంది మాంసం వేసే రకం కూడా ఉంది, అడిగే తీసుకోండి. ఆవిడ పాలు, పెరుగు తింటారుగా, మత్సోని అని పుల్లటి పెరుగు దొరుకుతుంది, ఆవిడకి ప్రాణం లేచొస్తుంది. ఖింకాలి అని పెద్ద కుడుములుంటాయి, మామూలుగా లోపల గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి పెడతారు, మీరు బంగాళాదుంపదో పుట్టగొడుగులదో చెప్పండి. మాంసం రకంలో లోపల పులుసు ఉంటుంది, ఫోర్కుతో గుచ్చితే చొక్కా మీదికొస్తుంది. నా తెల్లచొక్కా అలాగే పోయింది.

ఇంట్లో పెద్ద విందైతే దాన్ని సుప్రా అంటారు. ఒక గిన్నె ఖాళీ కాకముందే దాని అంచు మీద ఇంకో పళ్లెం ఎక్కిస్తారు, బల్ల మీద జాగా కనిపించకూడదు. మొదటి మూడు వంటలకే కడుపు నింపుకోకు, అవి మన వైపు పప్పులో నెయ్యి వేసేదాకా జరిగే హడావుడి లాంటివి. తమదా అని ఒక పెద్దమనిషి లేచి మాట్లాడతాడు, శాంతి కోసం, చనిపోయినవాళ్ల కోసం, పిల్లల కోసం, ఒక్కోదానికీ చాలాసేపు, ఆయన ముగించాకే గ్లాసు ఎత్తాలి, మధ్యలో ఎవరికివారు తాగరు. భూమిలో మెడదాకా పాతిన క్వెవ్రి బానల్లో వైన్ పులియబెడతారు, 2013లో యునెస్కో జాబితాకెక్కిన పద్ధతి, దాన్ని గొప్పగా చూపిస్తారు. తాగని వాళ్లు మొదట్లోనే చెయ్యి గుండె మీద పెట్టుకుని చెప్పేస్తే సరి, పండ్లరసం గ్లాసుతో "గౌమర్జోస్" అంటే చాలు. మిమ్మల్నీ రెండు మాటలు చెప్పమంటారు, తప్పించుకోకండి. నేను మా అమ్మ గురించి తెలుగులోనే చెప్పాను, మా చిన్నది సగం వరకే అనువదించగలిగింది, మిగతా సగం అందరూ అలాగే విన్నారు.

వచ్చేటప్పుడు ఆ పరాయి మెంతిపొడి పావుకిలో తీసుకురా, టిబిలిసిలో స్టేషన్ దగ్గర దెజెర్టిర్ బజార్లో విడిగా అమ్ముతారు. ద్రాక్షరసం పిండిలో ముంచి ఆరబెట్టిన అక్రోట్ దండలు, చుర్చ్‌ఖేలా, అవీ ఒక నాలుగు. మీ అత్తయ్యకి షుగరు ఉంది కాబట్టి ఆ నాలుగూ నా చేతికే ఇవ్వు.

మీ మామయ్య