కనెక్షన్ గురించి "థ్రెడ్ సేఫ్" అని రాస్తే సరిపోతుందా?

మీ పైథాన్ సర్వీసులో థ్రెడ్లన్నీ (ఒకే ప్రోగ్రాంలో ఒకేసారి సాగే పనులు) ఒకే డేటాబేస్ కనెక్షన్ వాడుతున్నాయి, డాక్యుమెంటేషన్‌లో "థ్రెడ్ సేఫ్", అంటే థ్రెడ్లు ఒకేసారి వాడినా ఇబ్బంది లేదు అని రాస్తే చాలా అని అడిగారు. చాలదండి. ఆ ఒక్క మాట నమ్మి నేను బాగా దెబ్బతిన్నాను.

ఫీజులు కట్టించుకునే అప్లికేషన్ మాది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, దానికి పైథాన్‌ను కలిపే డ్రైవర్ సైకోపీజీ2. కనెక్షన్ ఇచ్చే ఫంక్షన్ మీద కామెంట్: "ఇది థ్రెడ్ సేఫ్". అప్పుడప్పుడు ఎవరో ఒకరు రసీదు పట్టుకుని వచ్చేవారు, మా టేబుల్‌లో ఆ రికార్డే ఉండేది కాదు. లాగ్‌లో ఎర్రరూ లేదు. డబ్బు కట్టినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఒకటే టెన్షన్.

చివరికి రసీదు నంబర్లు దారి చూపించాయి. 4117 తర్వాత 4119 ఉంది, మధ్యది లేదు. పోస్ట్‌గ్రెస్‌లో రోల్‌బ్యాక్ చేసినా (మార్పులు రద్దు చేసినా) సీక్వెన్స్ నంబరు, అంటే డేటాబేస్ వరసగా ఇచ్చే నంబరు, వెనక్కి రాదు. అంటే ఇన్సర్ట్ జరిగింది, తర్వాత ఎవరో రద్దు చేశారు. ఒక థ్రెడ్ ఇన్సర్ట్ చేసి కమిట్ చేసేలోపు (మార్పులు ఖాయం చేసేలోపు), ఫోన్ నంబరు తప్పని తేలిన ఇంకో థ్రెడ్ రోల్‌బ్యాక్ కొట్టింది. కనెక్షన్ ఒకటే కాబట్టి ట్రాన్సాక్షనూ (మొత్తంగా ఖాయమయ్యే లేదా రద్దయ్యే మార్పుల గుంపు) ఒకటే, ఇద్దరి పనీ పోయింది. మొదటి థ్రెడ్ కమిట్ మాత్రం ఏ గొడవా లేకుండా పూర్తయింది!

బాధేమిటంటే, ఆ కామెంట్ అబద్ధం కాదు. పైథాన్ డేటాబేస్ డ్రైవర్ల ప్రమాణమైన పెప్ 249 ప్రకారం సైకోపీజీ2 థ్రెడ్‌సేఫ్టీ స్థాయి 2, అంటే కనెక్షన్‌ను థ్రెడ్లు పంచుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ పైమైఎస్‌క్యూఎల్‌ది 1, అందులో కనెక్షన్ పంచుకోకూడదు. పైథాన్ ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ అయితే ఒక థ్రెడ్ తెరిచిన కనెక్షన్‌ను వేరే థ్రెడ్ ముట్టుకుంటే మామూలుగా ఎర్రరే ఇస్తుంది. కానీ ఈ స్థాయిలేవీ ట్రాన్సాక్షన్ ఎవరిదో చెప్పవు.

తర్వాత కనెక్షన్ పూల్‌కి (కొన్ని కనెక్షన్లు ఉంచి, అడిగినవాళ్లకు ఒక్కొక్కటి ఇచ్చి తిరిగి తీసుకునేది) మారి, కామెంట్ ఇలా మార్చాం: "ఒక కనెక్షన్‌ను ఒక సమయంలో ఒక థ్రెడ్డే వాడాలి. తీసుకున్నవాళ్లే కమిట్ చేయాలి, కమిట్ చేయకుండా పూల్‌కి తిరిగిస్తే ఆ పని రోల్‌బ్యాక్ అవుతుంది. కర్సర్‌ను ఇంకో థ్రెడ్‌కు ఇవ్వొద్దు." (కర్సర్ అంటే కనెక్షన్ మీద క్వెరీలు నడిపే ఆబ్జెక్ట్.) డ్రైవర్ పేరు, వెర్షన్ కూడా పక్కనే రాయండి, రేపు డ్రైవర్ మారిస్తే ఈ మాటలు మళ్లీ సరిచూసుకోవాలి.

ఇంకో లైను కొన్ని నెలల తర్వాత చేర్చాం: "ఫోర్క్‌కి ముందు తెరిచిన కనెక్షన్‌ను చైల్డ్ ప్రాసెస్‌లో వాడొద్దు." ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రాసెస్ తన నకలుగా చైల్డ్ ప్రాసెస్‌ను పుట్టించడం. మీ సర్వర్ వర్కర్లను ఫోర్క్ చేసేదైతే ఆ లైను ఈరోజే రాసుకోండి.