అబ్బాయి వ్యాపారానికి ఇంటి పత్రాలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి చెన్నైలో ఉద్యోగం చేసేవాడు. రెండేళ్ల క్రితం అది మానేసి, స్నేహితుడితో కలిసి కొర్రలు, సామలు, అరికెలతో రవ్వ, ఇడ్లీ పిండి, అటుకులు తయారుచేసి అమ్ముతున్నాడు. ఇంకా లాభాలు లేవు. ప్యాకింగ్ యంత్రం కొనాలి, ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి 15 లక్షలు తెద్దామంటున్నాడు. వద్దంటే, ‘‘సింధు ఎన్ని ఫైనల్స్ ఓడిపోయాక ప్రపంచ ఛాంపియన్ అయింది? గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టలేదా?’’ అంటాడు. మా వారు పదవీ విరమణ చేశారు. ఆ ఇల్లు తప్ప మాకు వేరే ఆస్తి లేదు. పట్టుదల ఉన్న పిల్లవాణ్ణి వెనక్కి లాగాలంటే మనసొప్పడం లేదు. పత్రాలు ఇవ్వడానికీ చెయ్యి రావడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, పత్రాలు ఇప్పుడే ఇవ్వకండి. అలాగని వ్యాపారం మూసేయమని కూడా చెప్పకండి. మీ అబ్బాయి ఎంచుకున్న ఉదాహరణలు రెండూ మంచివే. అయితే వాళ్ల ఓటములనూ చివరి విజయాన్నీ చూసినంత శ్రద్ధగా ఆ రెంటికీ మధ్య జరిగినదాన్ని అతను చూసినట్టు లేదు. మీ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవలసింది దాని గురించే.

బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు సంగతే తీసుకోండి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడింది. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి, మూడో గేమ్‌ను 20-22తో చేజార్చుకుంది. 2018లో నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మళ్లీ మారిన్‌దే గెలుపు. 2019లో బాసెల్‌లో అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదుట అదే ఒకుహరా. ఈసారి సింధు 21-7, 21-7తో గెలిచింది. మ్యాచ్‌కు 40 నిమిషాలు కూడా పట్టలేదు. రెండేళ్లలో ఇంత తేడా రావాలంటే పాత ఆటనే ఇంకాస్త గట్టిగా ఆడితే సరిపోదు. ఆ ఏడాది కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ ఆమె ఆటలో ఎక్కడెక్కడ లోపాలున్నాయో చూసి వాటిపై పనిచేయించారు. అప్పటికే ఒలింపిక్ రజతం గెలిచిన అమ్మాయి, మరొకరు తప్పులు ఎత్తి చూపుతుంటే విని మార్చుకుంది. నా దృష్టిలో ఆమె పట్టుదలలో అన్నిటికన్నా గొప్ప భాగం ఇదే.

మరో సంగతి కూడా ఉంది. ఫైనల్లో ఓడిపోయిందంటే అంతకుముందు ఆ టోర్నీలో ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచిందన్నమాట. తాను సరైన దారిలోనే ఉన్నానని చెప్పే రుజువు ఆమె చేతిలో ఎప్పుడూ ఉంది. మీ అబ్బాయి దగ్గర అలాంటి రుజువు ఉందా? ఈ ఒక్క ప్రశ్నా అతన్ని ప్రేమగా, సూటిగా అడగండి. అతని వ్యాపారంలో రుజువంటే, ఒకసారి కొన్నవారు మళ్లీ వచ్చి కొనడం. కొత్తగా మొదలుపెట్టిన సరుకును బంధువులు, స్నేహితులు అభిమానం కొద్దీ ఒకసారి కొంటారు. ముక్కూమొహం తెలియని ఇల్లాలు మూడో నెలలో కూడా అదే కొర్ర రవ్వ అడిగి తీసుకుంటే, దుకాణదారు తనంతట తాను ఫోన్ చేసి ఇంకో పెట్టె పంపమంటే, లాభం ఇంకా కనిపించకపోయినా ఆ వ్యాపారానికి ప్రాణం ఉన్నట్టే. రెండేళ్లయినా ప్రతి నెలా కొత్తవారిని వెతుక్కోవలసి వస్తుంటే మాత్రం లోపం రుచిలోనో, ధరలోనో, నిల్వ ఉండే కాలంలోనో ఉంది. ప్యాకింగ్ యంత్రం దాన్ని సరిచేయలేదు.

సింధుకు శిక్షణ ఇచ్చిన గోపీచంద్ ఆటగాడిగా చేసిన ఏడేళ్ల ప్రయాణం కూడా మీ అబ్బాయికి వివరంగా తెలియాలి. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలు తీవ్రంగా దెబ్బతింది. శస్త్రచికిత్సలు జరిగాయి. 2001లో ప్రతిష్ఠాత్మకమైన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి టైటిల్ గెలిచారు. ఈ రెండు సంఘటనలనే పక్కపక్కన పెట్టి చెబితే ఆయన ఏడేళ్లపాటు చీకట్లో నడిచి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినట్టు వినిపిస్తుంది. నిజానికి 1996 నుంచి 2000 వరకు వరుసగా ఐదేళ్లు జాతీయ ఛాంపియన్ ఆయనే. మోకాలు నిలబడుతోందని, ఆట పెరుగుతోందని ఏటా ఏదో ఒక ఫలితం ఆయనకు చెబుతూనే ఉంది.

ఇక ఇల్లు తాకట్టు విషయం. హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ శిక్షణ అకాడమీ కోసం ఆయన ఇల్లు తాకట్టు పెట్టిన మాట వాస్తవమే. అప్పటికి ఆయన ఆల్ ఇంగ్లండ్ విజేత. ఆటలో చిన్ననాటి నుంచి సంపాదించిన అనుభవం ఉంది. 2003లో ప్రభుత్వం 5 ఎకరాల స్థలం కేటాయించింది. తర్వాత పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ పెద్ద విరాళంతో ఆదుకున్నారు. అయినా అకాడమీ మొదలయ్యేసరికి 2008 వచ్చింది. ఆయన తాకట్టు పెట్టింది తన ఇల్లు, తన నిర్ణయంతో. మీ అబ్బాయి అడుగుతున్నది విశ్రాంత జీవితం గడుపుతున్న తల్లిదండ్రులకు మిగిలిన ఒకే ఒక్క ఆధారాన్ని. ఈ తేడా చెప్పడంలో తప్పేమీ లేదు. చెప్పినంత మాత్రాన మీరు అతన్ని వెనక్కి లాగినట్టు కాదు.

క్రీడాకారుల గురించి మాట్లాడేటప్పుడు మనం తరచూ మరిచిపోయేది వాళ్ల జీతం. గోపీచంద్‌కు ఇండియన్ ఆయిల్‌లో ఉద్యోగం ఉండేది. సింధుకు 2013లోనే భారత్ పెట్రోలియం ఉద్యోగమిచ్చింది. ఆమె తండ్రి రమణ రైల్వేలో ఉద్యోగం చేసేవారు. నెల తిరిగేసరికి ఇల్లు గడుస్తుందన్న ధీమా ఉంటే ఓటమి తర్వాత రోజు కూడా మైదానానికి వెళ్లవచ్చు. అందుకే మీ అబ్బాయి, అతని స్నేహితుడు ఇద్దరిలో ఒకరు ఏడాదిపాటు ఉద్యోగంలో చేరడం మంచిదని నా అభిప్రాయం. మెకానికల్ చదివినవాడికి గుంటూరు, విజయవాడ పరిసరాల్లోని మిల్లులు, ఆహారశుద్ధి యూనిట్లలో పని దొరికితే జీతంతో పాటు తన వ్యాపారానికి పనికొచ్చే అనుభవమూ వస్తుంది. దాన్ని ఓటమిగా భావించవద్దని అతనికి మీరే చెప్పాలి. మీ నోటి నుంచి వస్తేనే నమ్ముతాడు.

ఈ వారమే ముగ్గురూ లెక్కలు ముందు పెట్టుకోండి. ఏ సరుకు కిలోకు ఎంత ఖర్చవుతోంది, ఎంత మిగులుతోంది, అమ్ముడుపోక ఎంత తిరిగి వస్తోంది, దుకాణాల దగ్గర ఎంత బాకీ ఉంది అన్నది కాగితం మీద రాయించండి. అన్ని సరుకులూ సమానంగా అమ్ముడుపోతూ ఉండవు. బ్యాడ్మింటన్ ఆటగాడు కిదాంబి శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆడేవాడు. గోపీచంద్ సలహాతో సింగిల్స్‌కు మారి, 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. మీ అబ్బాయి కూడా బాగా పోయే ఒకటి రెండు సరుకులు ఉంచుకుని మిగతావి వదిలేస్తే, బహుశా 15 లక్షల యంత్రం అవసరమే రాకపోవచ్చు. లెక్కలు చూడటానికి బయటివారు ఒకరుంటే మేలు. కిరాణా టోకు వ్యాపారంలో ఉన్న బంధువైనా సరే, మొహమాటం లేకుండా మాట్లాడేవారై ఉండాలి.

ఒక గడువు కూడా పెట్టుకోండి. ఆరు నెలల్లో మళ్లీ కొనేవారి సంఖ్య ఎంతకు పెరగాలో అతన్నే రాయమనండి. ఆ అంకె చేరకపోతే ఆపడానికి ఇప్పుడే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే ఒప్పుకోవాలి. గోపీచంద్ ఆటగాడిగా ఒలింపిక్ పతకం గెలవలేదు. 2000 సిడ్నీలో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడిపోయారు. కానీ ఆయన దగ్గర శిక్షణ పొందిన సైనా 2012లో, సింధు 2016లో పతకాలు తెచ్చారు. మీ అబ్బాయి ఈ యూనిట్ ఆపినా, రెండేళ్లలో నేర్చుకున్న కొనుగోలు, తయారీ, అమ్మకం అతని దగ్గరే ఉంటాయి.

అంకె చేరితే అప్పు గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ముందు అడగవలసింది ఇల్లు తాకట్టు అక్కర్లేని అప్పునే. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం కింద తరుణ్ విభాగంలో 10 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు కేంద్రం తెచ్చిన పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారేమో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోమనండి. ఆ కార్యాలయానికి అతన్నే వెళ్లనివ్వండి. వెళ్లేటప్పుడు ఆరు నెలల లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్లమనండి. బ్యాంకు మేనేజర్ కూడా మొదట అడిగేది అదే.